కాటా దగ్గర మొదలయ్యే గొలుసు: మామిడి రసానికి బ్లాక్‌చెయిన్ పెట్టిన నా అనుభవం

2024 ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు మేడారంలో సమ్మక్క–సారలమ్మ జాతర జరిగింది. హనుమకొండ శివారులోని మా పండ్ల రసాల యూనిట్‌కు వేసవి తర్వాత అంతటి గిరాకీ ఉండేది రెండేళ్లకోసారి వచ్చే ఆ జాతరకే. అది ముగిసిన మూడో రోజున, ములుగు వైపు సరుకు తీసుకుపోయే మా డీలరు ఫోన్ చేసి, మామిడి రసం సీసాలు కొన్ని ఉబ్బాయని, మూత తీయగానే పుల్లని వాసన వస్తున్నదని చెప్పాడు. సీసా ఉబ్బిందంటే లోపల ఈస్టు చేరి చక్కెరను తిని వాయువు వదులుతున్నదని అర్థం. కాకతీయ విశ్వవిద్యాలయంలో మైక్రోబయాలజీ చదివి పదకొండేళ్లుగా ఇక్కడ నాణ్యత విభాగం చూస్తున్న నాకు ఆ కారణం వెంటనే తెలిసింది గానీ, ఆ ఈస్టు ఎక్కడ చేరిందో, ఏయే సీసాల్లో చేరిందో చెప్పడానికి ఆరు రోజులు వెతికినా నా చేత కాలేదు.

ఆ ఆరు రోజులూ నా బల్ల మీద ఉన్నవి గేటు రిజిస్టరు, మాగబెట్టే గదుల పుస్తకం, గుజ్జు తీసిన రోజువారీ కాగితాలు, కోల్డ్ స్టోరేజీ చీటీలు, సీసాలు నింపిన లాగ్ షీట్లు, డీలర్లకు వేసిన బిల్లులు. ఒక్కొక్కటీ విడిగా సరిగానే ఉన్నది, కానీ ఒకదాని నుంచి ఇంకొకదానికి పోయే దారి లేదు. గుజ్జు డబ్బా మీద తేదీ ఉంటుంది, ఆ రోజు ఏ గది నుంచి కాయ వచ్చిందో ఉండదు. గది పుస్తకంలో ట్రేల లెక్క ఉంటుంది, ఆ ట్రేలు ఏ తోటవో ఉండదు. చివరికి ఆ బ్యాచి మొత్తాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించి పారబోశాము. అంతకంటే నన్ను ఎక్కువగా బాధించిన పని ఇంకొకటి చేశాము. ముందటి వేసవిలో మల్యాల వైపు నుంచి ఆలస్యంగా వచ్చిన ఒక లోడు మీదికి అనుమానం పోయింది. ఆ లోడులో కాయ పోసిన ఏడుగురు రైతులకు నాణ్యతను బట్టి ఉగాదికి ఇస్తామన్న అదనపు ధరను ఆపేశాము. ఆధారం ఏమీ లేదు. ఎవరో ఒకరి మీద వేయాలి కాబట్టి వేశాము. ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉన్నది.

ఆ నెలలోనే సరుకు జాడ తీసే పద్ధతుల గురించి చదవడం మొదలుపెట్టాను. నన్ను పట్టుకున్న ఉదాహరణ కూడా మామిడిదే కావడం యాదృచ్ఛికం. అమెరికాలో వాల్‌మార్ట్ సంస్థ ఐబీఎంతో కలిసి బ్లాక్‌చెయిన్‌ను, అంటే ఒకే ఖాతా నకలు పలువురి దగ్గర ఉండి ఎవరూ చాటుగా దిద్దలేని పద్ధతిని, పరీక్షించినప్పుడు, అక్కడ ఆహార భద్రత బాధ్యత చూసిన ఫ్రాంక్ యియన్నాస్ ముందుగా ఒక మామిడి ముక్కల ప్యాకెట్టు తెచ్చి, ఇది ఏ తోటదో కనుక్కోండని తన సిబ్బందికి ఇచ్చారు. వాళ్లకు 6 రోజుల 18 గంటల 26 నిమిషాలు పట్టింది. బ్లాక్‌చెయిన్ మీద పెట్టిన తర్వాత అదే సమాచారం 2.2 సెకన్లలో వచ్చింది. ప్రపంచంలోనే అతి పెద్ద దుకాణాల సంస్థకూ, ఒక బాయిలరు, రెండు నింపే యంత్రాలు ఉన్న మా యూనిట్‌కూ ఒకే ఆరు రోజులు పట్టాయని తెలిసి కొంత ధైర్యం వచ్చింది. లోపం మా ఒక్కరిదే కాదని అర్థమైంది.

మా యజమానిని ఒప్పించడం అనుకున్నంత కష్టం కాలేదు. పానీయాల్లో ఇది మన దేశానికి కొత్త కాదని, 2019 మార్చిలోనే కాఫీ బోర్డు రైతుల కాఫీ అమ్మకానికి బ్లాక్‌చెయిన్ ఆధారంగా ఒక మార్కెట్ వేదికను మొదలుపెట్టిందని చెప్పాను. మన రాష్ట్రంలో చిట్‌ఫండ్ల లెక్కలకు టీ-చిట్స్ పేరుతో ఇదే సాంకేతికతను వాడారని చెప్పినప్పుడు మాత్రం ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. హనుమకొండలో చిట్టీ వేయని ఇల్లు అరుదు, చిట్టీ లెక్కలో తేడా వస్తే ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పనక్కర లేదు. పైగా 2017 నాటి ఆహార రీకాల్ నిబంధనల ప్రకారం సరుకును వెనక్కి రప్పించే ప్రణాళిక మా వంటి తయారీదారుల దగ్గర ఉండి తీరాలి. మా ప్రణాళిక కాగితం మీద ఉన్నది, జాతర తర్వాత అది పనికి రాలేదు.

తర్వాత సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు వచ్చారు. ఒక సంస్థ చూపించిన తెర చాలా అందంగా ఉన్నది. తోట బొమ్మ, లారీ బొమ్మ, సీసా బొమ్మ, వాటి మధ్య ఆకుపచ్చ గీతలు. నేను ఒకటే అడిగాను: "నిన్న ఎక్కించిన బరువును ఇవాళ మీరు మార్చగలరా?" అతను ఏ సంకోచం లేకుండా "మార్చవచ్చు మేడం, అడ్మిన్ లాగిన్ మీకే ఇస్తాం" అన్నాడు. దాన్ని సౌకర్యంగా చెప్పాడు. కానీ నాకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకమైనది. అన్ని నకళ్లూ ఒకే సంస్థ సర్వర్లో, ఒకే తాళంచెవి కింద ఉంటే, దానికి బ్లాక్‌చెయిన్ అని పేరు పెట్టినా అది మామూలు కంప్యూటర్ ఖాతాయే.

మా గుమాస్తాలకూ, రైతు ఉత్పత్తిదారుల సంఘం వాళ్లకూ నేను బ్లాక్‌చెయిన్‌ను తక్‌పట్టీతో, అంటే అమ్మిన సరుకు లెక్క రాసే చీటీతో, వివరించేదాన్ని. ఏనుమాముల మార్కెట్లో అడ్తిదారు రాసి ఇచ్చే తక్‌పట్టీ రైతు దగ్గర ఒకటి ఉంటుంది, అడ్తిదారు దగ్గర ఒకటి ఉంటుంది. ఒకరు దిద్దితే రెండోవాళ్ల కాగితంతో దొరికిపోతుంది. ఇప్పుడు ఆ పట్టీ నకలు నలుగురి దగ్గర ఉన్నదనుకోండి, పైగా ప్రతి కొత్త పట్టీ మీద దాని ముందటి పట్టీకి సంబంధించిన ఒక ముద్ర ఉన్నదనుకోండి. ఆ ముద్రను హ్యాష్ అంటారు. పట్టీలో ఉన్నదంతా ఒక గణిత సూత్రంలోంచి తీస్తే అక్షరాలూ అంకెలూ కలిపి 64 ఉండే వరుస ఒకటి వస్తుంది. లోపల ఒక్క అంకె మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. కాబట్టి ఎవరైనా పాత పట్టీని దిద్దితే దాని తర్వాతి పట్టీలన్నింటి ముద్రలూ తప్పుతాయి, మిగతా ముగ్గురి నకళ్లతో సరిపోలవు. ఇలా ఒకదానికొకటి ముడిపడిన పట్టీల వరుసనే గొలుసు అంటాము. బిట్‌కాయిన్ వంటి నాణెం గానీ, దాని ధర పెరగడం తరగడం గానీ మా పనిలో ఎక్కడా లేవు. మేము తీసుకున్నది లైనక్స్ ఫౌండేషన్ కింద నడిచే హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ అనే బ్లాక్‌చెయిన్ సాఫ్ట్‌వేర్. అందులో ఎవరు రాయాలో, ఎవరు చూడాలో ముందే నిర్ణయించుకుంటాము, బయటివాళ్లు రాలేరు.

2024 వేసవి మాకు అందలేదు. ఆ సీజన్ అంతా నేను ఒక నోటు పుస్తకం పట్టుకుని కాయ వెంట నడిచాను. జగిత్యాల దగ్గరి చల్‌గల్ మార్కెట్ నుంచి మామిడి లారీలు ఉత్తరాదికి పోతుంటాయి. మాకు మాత్రం కాయ మల్యాల, సారంగాపూర్, మహబూబాబాద్ వైపు తోటల నుంచి నేరుగా వస్తుంది. నేరుగా అన్న మాటలో ఎంత దాగి ఉన్నదో అప్పుడు తెలిసింది. చాలా తోటలను కోతకు ముందే గుత్తేదారు గుత్తకు పట్టుకుంటాడు. అతను నాలుగు తోటల కాయ తెంపించి, ఒక చెట్టు కింద కుప్ప పోసి, సైజుల వారీగా ఏరించి, ట్రేలకెత్తి బండి ఎక్కిస్తాడు. చెట్టు నుంచి సీసా వరకు కాయ గానీ గుజ్జు గానీ చేతులు మారే చోట్లు పద్నాలుగు లెక్క తేలాయి. వాటిలో తొమ్మిదింటికి కాగితం ఉన్నది, ఐదు నోటిమాట మీద నడుస్తున్నాయి. కాయ తన ఊరినీ తోటనూ పోగొట్టుకునేది ఆ చెట్టు కింద కుప్పలోనే. మన దగ్గరికి వచ్చాక ఎంత ఖరీదైన సాంకేతికత పెట్టినా ఆ కుప్ప దగ్గర పోయింది తిరిగి రాదు.

అందుకని మొదట మార్చింది ట్రేలను. ఒక్కో తోటకు ఒక కోడు, ఆ కోడు ఉన్న ప్లాస్టిక్ బిళ్లలు, ట్రేకు ఒకటి చొప్పున తెంపే దగ్గరే కట్టాలి. గుత్తేదార్లు మొదట ఒప్పుకోలేదు. ఏ తోట ఎవరిదో, ఏ ధరకు పట్టారో తెలిస్తే వచ్చే ఏడు ఇంకొకడు వచ్చి పైధర పెడతాడన్న భయం వాళ్లది. అది న్యాయమైన భయమే. ఫ్యాబ్రిక్‌లో ధర వంటి వివరాలను ఇద్దరి మధ్యనే ఉంచి, అందరి ఖాతాలో దాని హ్యాష్‌ను మాత్రమే పెట్టే ఏర్పాటు ఉన్నది, దాన్ని వాడాము. రైతు పేరు, ఫోన్ నంబరు, పట్టాదారు పాస్‌బుక్ సంఖ్య అసలు గొలుసులో పెట్టకూడదని నేను పట్టుబట్టాను. గొలుసులోకి ఎక్కింది తీసివేయలేము, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమేమో తన వివరాలు తీసివేయమని అడిగే హక్కు మనిషికి ఇస్తున్నది. గొలుసులో ఉండేది రైతు కోడు మాత్రమే. ఆ కోడు ఎవరిదో చెప్పే జాబితా సంఘం దగ్గర విడిగా ఉంటుంది.

ఇక నోడ్లు, అంటే ఖాతా నకళ్లు, ఎవరి దగ్గర ఉండాలన్నది. మా యూనిట్‌లో ఒకటి, మేము గుజ్జు దాచే కోల్డ్ స్టోరేజీలో ఒకటి, పెద్ద డీలరు దగ్గర ఒకటి అనుకున్నాము. నాలుగోది రైతుల సంఘం దగ్గర ఉండాలని అడిగినప్పుడు మా దగ్గర చాలా చర్చ జరిగింది. వాళ్లకెందుకు, నిర్వహణ ఎవరు చూస్తారు, కరెంటు పోతే ఏమిటి అన్నారు. ఓడల సంస్థ మెర్స్క్, ఐబీఎం కలిసి ఓడ సరుకుల కోసం బ్లాక్‌చెయిన్ మీద 2018లో మొదలుపెట్టిన ట్రేడ్‌లెన్స్ సంగతి అప్పుడు చెప్పాను. అంత పెద్ద సంస్థలు పెట్టిన వేదికను మూసేస్తున్నామని 2022 నవంబరులో ప్రకటించారు. పరిశ్రమ అంతా కలిసి రాకపోవడమే కారణమని వాళ్లే చెప్పుకున్నారు. కాయ ఇచ్చేవాడి దగ్గర నకలు లేకపోతే మాది మాలో మేము రాసుకునే చిట్టా అవుతుందని నా వాదన. చివరికి సంఘం ఆఫీసులో ఒక చిన్న కంప్యూటరు, ఒక ఇన్వర్టరు పెట్టించాము. మూతలు, సీసాలు సరఫరా చేసే సంస్థను కూడా అడిగాము, వాళ్లు రాలేదు.

2025 ఏప్రిల్ రెండో వారంలో మొదలైంది. మొదటి పెద్ద తప్పు ఒక రాత్రి కాటా దగ్గర జరిగింది. బండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి, ట్యూబ్‌లైటు చుట్టూ పురుగులు, కాటా మీద ముప్పై రెండు ట్రేలు. ట్రేల బరువు తీసేస్తే కాయ 640 కిలోలు తేలింది. ట్యాబ్ పట్టుకున్న కుర్రవాడు 460 అని కొట్టాడు. నిమిషంలో రైతు ఫోన్‌కు తెలుగులో సందేశం పోయింది. నేను మాగబెట్టే గది దగ్గర ఉండగా డెబ్బై ఏళ్ల పెద్దమనిషి ఫోన్ చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, నేను పోసింది ఆరు వందల నలభై. కాటా మీద నా కండ్లతోని సూసిన. ఫోన్ల నాలుగు వందల అరవై అని వచ్చిందట, మా మనుమడు సదివిండు. ఏంది ఇది?"

తప్పు మాదే తాతా, సరిచేస్తాము అన్నాను. పాత పద్ధతిలో అయితే రిజిస్టరులో గీత కొట్టి పక్కన రాసి పొట్టి సంతకం పెడితే అయిపోయేది. ఇక్కడ పాత అంకెను చెరపలేము. దాన్ని అలాగే ఉంచి, దానికి ముడివేసిన సవరణ నమోదు ఒకటి కొత్తగా రాయాలి. దానికి మా ఆమోదంతో పాటు సంఘం ఆమోదం కూడా ఉండాలని నియమం పెట్టుకున్నాము. సంఘం కార్యదర్శి నిద్ర లేచి, ఆఫీసుకు వచ్చి ఆమోదించేసరికి మరునాడు పొద్దున పదకొండు అయింది. అప్పటి దాకా ఆ తాత ఇంటికి పోలేదు, గేటు పక్క వేపచెట్టు కింద కూర్చున్నాడు. రెండో సందేశం వచ్చాక మనుమడికి ఫోన్ చేసి చదివించుకుని, అప్పుడు లేచాడు. మా యజమానికి చిరాకు వచ్చింది. ఒక్క గీతతో అయ్యే పనికి పూట పట్టిందన్నారు. నాకు మాత్రం ఆ పూట చాలా చెప్పింది. రిజిస్టరులో మేము ఇన్నేళ్లుగా కొట్టిన గీతలు ఎన్ని, వాటిలో రైతుకు తెలిసి కొట్టినవి ఎన్ని అని లెక్క వేస్తే నా దగ్గర జవాబు లేదు. ఆ వారంలోనే ఎలక్ట్రానిక్ కాటాను ట్యాబ్‌కు నేరుగా కలిపించాము, చేత్తో అంకె కొట్టే అవసరం పోయింది. ట్రేల సంఖ్యకూ బరువుకూ పొంతన లేకపోతే నమోదు ముందుకు పోకుండా ఆగుతుంది.

రెండో తప్పు మనుషులది కాదు, గడియారానిది. మే 3 తెల్లవారుజామున నాలుగు గంటల పది నిమిషాలకు దిగిన లోడు తెర మీద మే 2 రాత్రి పది గంటల నలభై నిమిషాలకు వచ్చినట్టు కనబడింది. సర్వరు ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తున్నది, మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందు ఉంటుంది. మామూలు రోజుల్లో ఇది పెద్ద ఇబ్బంది కాదు. కానీ ఎండ తగలకుండా ఉండాలని మామిడి బండ్లు ప్రయాణించేది రాత్రిళ్లే, మా గేటు ముందు అర్ధరాత్రికీ తెల్లవారుజాముకూ మధ్యనే రద్దీ ఉంటుంది. మా లాట్ నంబరును ఏడాదిలో ఎన్నో రోజన్న లెక్కతో వేస్తాము. ట్రే బిళ్ల మీద 123 అని ఉంటే, గొలుసులో 122 అని ఎక్కింది. రెండు రాత్రుల లోడ్లు ఇలా ముందు రోజులోకి పోయాయి. వాటన్నింటికీ ఒక్కొక్కటిగా సవరణలు రాశాము. ఆ రెండు రాత్రుల లాట్లను ఎవరు ఎప్పుడు తీసి చూసినా మా పొరపాటు, దాని సవరణ, రెండూ కనబడతాయి. దానికి నేను సిగ్గుపడడం లేదు. సవరణ కనబడని ఖాతాను నేను ఇక నమ్మలేను.

బ్లాక్‌చెయిన్ చేయలేనిది ఏమిటో కూడా ఆ సీజన్‌లోనే నేర్చుకున్నాను. కాల్షియం కార్బైడ్‌తో పండ్లను మాగబెట్టడం నిషిద్ధం. ఇథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు, అంటే పది లక్షల వంతుల్లో వంద వంతుల వరకు, వాడుకోవచ్చని ఆహార భద్రతా సంస్థ నిబంధన. మా గదుల్లో ఇథిలీన్ మోతాదు, ఉష్ణోగ్రత, గంటలు పరికరాల నుంచే నమోదవుతాయి కాబట్టి నమ్మకంగా చెప్పగలను. కాయ కొరత వచ్చిన ఒక వారంలో బయట మాగిన పండ్లను కొందామన్న ప్రతిపాదన వచ్చింది. అమ్మేవాడు కార్బైడ్ వాడలేదని చెబితే, గొలుసు ఆ మాటను ఎవరూ మార్చలేనంత పదిలంగా దాచిపెడుతుంది. ఆ మాట నిజమో కాదో మాత్రం దానికి తెలియదు. అబద్ధం కూడా అంతే పదిలంగా ఉంటుంది. ఆ వారం యంత్రాలు రెండు రోజులు ఆపుకున్నాము గానీ బయటి పండు కొనలేదు.

అయితే రాసినవాటిని ఒకదానితో ఒకటి తూచి చూసే పనిని దానికి అప్పగించవచ్చు, నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం అదే. టన్ను కాయకు అటూ ఇటూగా అర టన్ను గుజ్జు వస్తుంది, టెంక, తొక్క మిగతాది. ఒక లాట్ కాయ నుంచి ఆ లెక్కకు మించి గుజ్జు వచ్చినట్టు ఎవరైనా రాస్తే, ఎక్కడిదో లెక్కలో లేని కాయ కలిసిందని అర్థం. అలాగే మామిడి పానీయంలో కనీసం పది శాతం పండు ఉండాలని నిబంధన. టన్ను గుజ్జుతో పది టన్నులకు మించి పానీయం తయారైనట్టు తేలితే నీళ్లు ఎక్కువయ్యాయని అర్థం. ఈ రెండు లెక్కలనూ గొలుసులోని నియమాలుగా రాయించాము. లెక్క తప్పిన నమోదును అది తీసుకోదు. ఒకసారి నింపే విభాగంలో గుజ్జు డబ్బాల పెట్టె ఒకటి స్కాన్ చేయడం మరచిపోయారు. 3.1 కిలోల డబ్బాలు ఆరు లెక్కలోకి రాకపోయేసరికి సాయంత్రం బ్యాచి ముగింపు నమోదు ఆగిపోయింది. ఖాళీ డబ్బాల కుప్పలో వెతికి ఆ ఆరూ తీశాకే పని ముందుకు సాగింది.

సీసా మీద వేసే క్యూఆర్ కోడు గురించి క్లుప్తంగానే చెబుతాను. మాది లాట్‌కు ఒక కోడు, సీసాకు ఒకటి కాదు, ఒక్కో సీసాకు వేరే కోడు ముద్రించే యంత్రం మా స్తోమతకు మించినది. లాట్ కోడును ఎవరైనా కాపీ చేసి నకిలీ సీసాల మీద వేసుకోగలరు, కాబట్టి ఇది నకిలీలను ఆపుతుందని మేము ఎక్కడా చెప్పలేదు. కొనేవాళ్లలో స్కాన్ చేసేవాళ్లు చాలా కొద్దిమంది. ఆ కోడు ఎక్కువగా ఉపయోగపడింది దుకాణదారులకు, ఆ తర్వాత మాకు.

ఆగస్టులో ఆ అవసరం వచ్చింది. గోదావరిఖనిలో ఒక దుకాణం నుంచి, మళ్లీ సీసాలు ఉబ్బాయని ఫిర్యాదు. దుకాణదారు పంపిన కోడు ఫోటోను తెర మీద పెట్టి నేను కూర్చున్నాను. ఏ రోజు ఏ యంత్రం మీద నింపారు, ఏ గుజ్జు లాట్లు వాడారు, అవి ఏ గదుల్లో మాగిన కాయ, ఏ తోటలు, కోల్డ్ స్టోరేజీలో ఎన్ని రోజులు ఏ ఉష్ణోగ్రతలో ఉన్నాయి, అదే లాట్ సీసాలు ఇంకా ఎవరెవరి దగ్గరికి పోయాయి, ఇవన్నీ రావడానికి పది నిమిషాలు పట్టింది. అందులోనూ ఎక్కువ సేపు నా చేతులు వణకడం వల్ల పట్టింది. ఎందుకంటే ఆ తోటల జాబితాలో మొదటి కోడు మల్యాలదే.

కానీ ఈసారి జాబితా అక్కడ ఆగలేదు. అదే గుజ్జును మరో రెండు లాట్ల సీసాల్లో కూడా వాడినట్టు గొలుసు చూపింది. ఆ రెండూ పెద్దపల్లి, మంచిర్యాల దుకాణాల్లో ఉన్నాయి, ఎక్కడా ఫిర్యాదు లేదు. మేము దాచి ఉంచిన నమూనా సీసాలను తీసి చూశాను. ఆ రెండు లాట్లవీ బాగున్నాయి, గోదావరిఖని లాట్‌వి కొన్ని ఉబ్బాయి. గుజ్జు ఒకటే, చక్కెర ఒకటే, రసాన్ని వేడిచేసి సూక్ష్మజీవులను చంపే పాశ్చరైజరు ఉష్ణోగ్రత లాగ్ ఒకటే. ఈ లాట్‌లో మాత్రమే ఉన్నది ఒక కొత్త మూతల కార్టను. ఆ మూతలను వెలుతురులో పట్టి చూస్తే, కొన్నింటి లోపలి సీలు అంచు ఒకవైపు లోపలికి నొక్కుకుని ఉన్నది. గాలి ఆ సందులోంచి పోతున్నది, గాలితో పాటు ఈస్టు. కాయకు ఏ దోషమూ లేదు. ఆ ఒక్క లాట్‌ను మాత్రమే, అది ఉన్న నాలుగు ఊళ్ల నుంచి రెండు రోజుల్లో వెనక్కి తెప్పించాము. మూతల కార్టను మీది సంఖ్య దాటి వెనక్కి పోదామంటే మాత్రం గొలుసు అక్కడ తెగిపోయింది. ఆ సరఫరాదారు మాతో చేరలేదు కాబట్టి, వాళ్ల దగ్గర ఏ అచ్చులో ఏం జరిగిందో మేము చూడలేకపోయాము.

ఆ రాత్రి నేను 2024 ఫిబ్రవరి ఫైలు మళ్లీ తీశాను. జాతర సీసాలకు ఏ మూతలు వాడామో రాసి ఉన్న కాగితం ఏదీ లేదు. అప్పుడు కూడా మూతలే కారణమని నేను నిరూపించలేను. ఆ ఏడుగురి కాయే కారణమని మేము ఎన్నడూ నిరూపించలేదు కూడా. ఈ రెండు మాటలూ ఒక కాగితం మీద రాసి, ఆపిన డబ్బు ఇచ్చేయాలని యజమానికి ఇచ్చాను. ఆయన రెండు రోజులు తన దగ్గరే ఉంచుకుని, మూడో రోజు చెక్కుల మీద సంతకాలు చేశారు.

బతుకమ్మ పండుగకు ముందు సంఘం కార్యదర్శితో కలిసి నేనే మల్యాల వైపు పోయి ఆ చెక్కులు ఇచ్చాను. ఏడుగురిలో ఒకాయన కాలం చేశారు, ఆయన భార్య తీసుకున్నది. ఎందుకు ఆపారని ఆమె అడిగింది, ఎందుకు ఇస్తున్నారని అడగలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. మా దగ్గర లెక్క లేకపోయింది, అనుమానం మీ మీద పెట్టాము, అది తప్పు అన్నాను. ఆమె చెక్కును చీరకొంగులో ముడివేసుకుని, కూర్చోమని మంచినీళ్లు ఇచ్చింది.

ఏప్రిల్‌లో వేపచెట్టు కింద కూర్చున్న తాత కూడా ఆ ఏడుగురిలో ఒకడని నాకు అక్కడికి పోయేదాకా తెలియదు. ఆయన చెక్కు సంగతి పక్కన పెట్టి, ఫోన్ తీసి, కోత మొత్తంలో వచ్చిన సందేశాలను ఒక్కొక్కటీ నాకు చూపించాడు. అన్నీ దాచుకున్నాడు. బరువు అంతా సరిగానే వచ్చింది గదా తాతా అన్నాను.

"బరువు మంచిగనే వచ్చింది బిడ్డా. గని పైసలిచ్చేటప్పుడు తరుగు తీస్తరు గదా, అది ఈ ఫోన్ల ఏది? బరువు రాసినప్పుడు తరుగు గూడ రాయుండ్రి. మీరు రాసేది ఎవ్వల్లు మార్చరాదంటిరి. మరి అది గూడ అండ్లనే పెట్టుండ్రి."

నా దగ్గర జవాబు లేదు. దెబ్బ తగిలిన కాయకు, సైజు తక్కువ కాయకు మేము తీసే తరుగు లెక్కల గదిలో, బిల్లు కట్టేటప్పుడు, చేత్తో వేసేదే. పద్నాలుగు చోట్లు లెక్క పెట్టిన నా నోటు పుస్తకంలో కాయ చేతులు మారిన చోట్లు ఉన్నాయి, డబ్బు తగ్గిన చోటు లేదు. తిరిగి వచ్చాక దీని మీద మా లెక్కల విభాగంతో నాలుగు నెలలు మాట్లాడవలసి వచ్చింది. తరుగు కాటా దగ్గరే తేలాలంటే ఏరే మనుషులను గేటు దగ్గరికి తేవాలి, రైతు ముందే ఏరాలి, ఒక్కో బండికి సమయం పెరుగుతుంది. ఈ సీజన్ నుంచి గేటు దగ్గర ఒక ఏరుడు బల్ల వేశాము. సందేశంలో పోసిన బరువు, తీసిన తరుగు, నికర బరువు మూడూ వేర్వేరు వరుసల్లో వస్తాయి. తరుగు వరుసకు రైతు ఫోన్‌లో ఒకటి నొక్కి ఒప్పుకుంటేనే నమోదు పూర్తవుతుంది. మొదటి వారంలో పదకొండు మంది నొక్కలేదు. ఆ పదకొండు లోడ్లనూ వాళ్ల ముందే మళ్లీ ఏరించాము.